సాంచల వీధి పఠనాలయం

పఠనాలయం తాళం తీస్తూనే ఊర్మిల ఆ రోజు పనులు మరోసారి గుర్తు చేసుకుంది. నేల తుడవాలి. బీరువాలు దులపాలి. తనిఖీ అధికారి దామోదర్ రావు వచ్చేలోపు కొమురయ్యను మౌనంగా కూర్చోబెట్టాలి.

మూడో పనే కష్టం. సిరిసిల్లలో సాంచలంటే మరమగ్గాలు. వయసంతా వాటి మధ్య గడిపిన కొమురయ్యకు చెవులు మందగించాయి. ఆయన గుసగుసలాడితే పక్క వీధికి వినిపిస్తుంది. అక్షరాలు రాని స్నేహితుడు సాంబయ్య కోసం రోజూ పేపరు పైకి చదువుతాడు. సాంబయ్యవీ సాంచల చెవులే.

"కాకా, ఈడ పద్ధతి లేదని ఎవలో పై ఆఫీసుకు రాసిన్రట. సార్ కండ్ల అదే పడితె తాళమేస్తరు. ఇయ్యాల ఒక్కరోజు మనసుల చదువుకో."

"మనసుల చదివితె సాంబయ్యకెట్ల ఇనవడుతది బిడ్డా?"

ఎదురు షెడ్డులో మోత ఆగితే ముసలాయన గొంతు తగ్గుతుందేమోనన్న ఆశతో ఊర్మిల ఆ షెడ్డు యజమాని మల్లేశం దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, జరసేపు సాంచలు బందు పెట్టవా?"

"పెట్టకుంటె రేపు మా బిడ్డకు పుస్తకాలియ్యవు" అంటూ మల్లేశం స్విచ్చి ఆపాడు.

వ్యవహారం అక్కడే చేయి దాటింది. ఆ షెడ్డు ఆగడం చూసి, ఇవాళ బంద్ కాబోలనుకుని పక్క షెడ్డు వాళ్లు ఆపేశారు. వాళ్లను చూసి ఆ పక్కవాళ్లు. కాసేపట్లో వీధంతా మూగబోయింది. బంద్ ఎందుకో ఎవరికీ తెలియదు. తెలియాలంటే పేపరు చూడాలి. పేపరు కొమురయ్య చేతిలో ఉంది.

పనివాళ్లంతా పఠనాలయంలోకి వచ్చిపడ్డారు. కుర్చీలు నిండాయి, నేల నిండింది, కిటికీలు కూడా నిండాయి.

"పేపర్ల బందు ముచ్చటే లేదురా" అన్నాడు కొమురయ్య, చివరి పేజీ దాకా వెతికి.

"ఇంత దూరమచ్చి ఊకె పోతమా? ఉన్నదే చదువు" అంది నూలు కండెలు చుట్టే రాజక్క, గోడకు చేరగిలబడుతూ.

కొమురయ్య వారపత్రికలో సీరియల్ తీశాడు. "రజని చీకటి గదిలో ఒంటరిగా ఉంది. ఎవరో తలుపు తట్టారు..."

నిజంగానే ఎవరో తలుపు తట్టారు. గది మొత్తం ఉలిక్కిపడింది. గుమ్మంలో దామోదర్ రావు.

కొమురయ్య ఆగిపోయాడు. ఆ గదిలో అంత నిశ్శబ్దం ఊర్మిల ఎన్నడూ ఎరగదు.

"ఏందమ్మా ఇదంతా?"

"వాళ్ల తప్పేం లేదు సార్. సాంచల మోతకు చెవులు పోయినయి. సాంబయ్య కాకకు చదువు రాదు. మెల్లగ చదివితె ఆయనకు ఇనవడది." ఆమె సాంబయ్యను చూపించింది. "తాళం పడితె ఆయన యాడికి పోతడు సార్?"

సాంబయ్య బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. దామోదర్ రావు ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కొమురయ్య వైపు తిరిగాడు.

"ఆపిన్రెందుకు? తలుపు తట్టిందెవరు?"

"అది వచ్చే వారం తెలుస్తది సార్" అంటూ కొమురయ్య పేజీ చూపించాడు. కథ అక్కడికే ఉంది.

దామోదర్ రావు ఫైలు మూసేశాడు. "అయితే తనిఖీ గూడ పూర్తిగాలె. వచ్చే వారం వస్త."

వచ్చాడు. ఆ పై వారమూ వచ్చాడు. సీరియల్ ముగిసి ఇంకొకటి మొదలైంది కానీ, తనిఖీ మాత్రం పూర్తి కాలేదు.

ఇంతలో మల్లేశం పఠనాలయం మీద పైకి ఒక ఫిర్యాదు రాశాడు: అక్కడి చదువు గోలకు పనివాళ్లంతా అటే పోయి, తన షెడ్డులో సాంచలు నడవడం లేదట.