గిటారుకు లక్ష్మక్క డబ్బా

నవ్వనంటే ఒక సంగతి చెప్తాను. నవ్వుతారని తెలుసు, అయినా చెప్తాను.

మా ఎమ్మిగనూరు చర్చిలో గిటారు వాయించేది నేనే. పేరు మాదన్న. పిల్లలు పిలిచేది మాత్రం గుయ్యన్న అని. నా గిటారు వైరును సౌండు మిషనుకు తగిలిస్తే పాటకంటే ముందు 'గుయ్య్' మని ఒక మోత వస్తుంది లెండి. ఈసారి క్రిస్మస్ పాట రికార్డు చేసే కళ్యాణ్ తెగేసి చెప్పాడు.

"అన్నా, ఈ గుయ్యి పోకుంటే నీ గిటారు తీసేసి కీబోర్డుతో కానిస్తా. డి.ఐ. బాక్సు ఒకటి తెచ్చుకో."

డి.ఐ. బాక్సంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. గిటారుకూ మిషనుకూ మధ్యలో పెట్టే చిన్న లోహపు డబ్బా. లోపల ఒక ట్రాన్స్‌ఫార్మరు, అటొక రంధ్రం, ఇటొక రంధ్రం. ఆ మాత్రం నేను చేయలేనా? ఫోనులో వీడియో చూసి, నా భార్య రాణికి చెప్పాను.

"మిక్సీ బాగు జేసినట్లేనా?" అంది.

"ఏం, మిక్సీ తిరుగుతాండ్లేదా?"

"తిరుగుతాండాది. స్విచ్చి ఆపినా తిరుగుతాండాది."

ఇలాంటి మాటలు పట్టించుకుంటే మనిషి ఏమీ చేయలేడు. పత్తిమిల్లు పనికి రోజూ ఆదోని పోయేవాణ్ణే కదా, సామాన్లన్నీ అక్కడే కొన్నాను. ఇక డబ్బా కావాలి. మా వంటింట్లో ప్రతి డబ్బా మీదా మా అత్త హనుమంతమ్మ పేరు చెక్కి ఉంటుంది. ఆమె పేరు మీద డ్రిల్లు పెట్టే మగాడు ఇంకా పుట్టలేదు.

అప్పుడు కనబడింది వంటగట్టు మీద ఒక నలుచదరపు డబ్బా. గట్టి స్టీలు. పక్కింటి లక్ష్మక్క మొన్న ఉగ్గాని పెట్టి పంపింది. ఒక పక్కన 'బి. లక్ష్మి' అని చెక్కి ఉంది. కొత్తది కొని ఇచ్చేద్దాంలే అనుకుని మొదలుపెట్టాను. డ్రిల్లు బిట్లు విరిగాయి, వేలు తెగింది, కానీ రంధ్రాలు పడ్డాయి. ఒకటి సరిగ్గా పేరు పక్కనే పడింది. పేరు కనబడకూడదని, గేటుకు వేయగా మిగిలిన నల్లరంగు లోపలా బయటా దిట్టంగా పూసేశాను.

సాయంత్రం రాణి నిప్పట్లు కాల్చి, "లక్ష్మక్క డబ్బా యాడప్పా? నిప్పట్లు పెట్టి ఇచ్చొస్తా" అంది.

"ఇచ్చేసినా."

"ఖాళీ డబ్బానా! సిగ్గు లేదా?"

"ఖాళీది యాడ? అరటిపండ్లు పెట్టిచ్చినా."

ఆ పండ్లు నా నోట్లోంచి ఎలా ఊడిపడ్డాయో దేవుడికే తెలియాలి. మరునాడు గోడ అవతల నుంచి లక్ష్మక్క కేకేసింది.

"రాణీ, నా డబ్బా ఇయ్యమ్మా."

"మా ఆయన ఇచ్చినాడు కదక్కా. పండ్లు బాగుండాయా?"

"ఏం పండ్లు?"

అంతే. నువ్వు మరిచిపోయినావంటే నువ్వే మరిచిపోయినావని మాటా మాటా పెరిగింది. డబ్బాకు కక్కుర్తి పడతామా అని ఈమె, నేను అబద్ధాల కోరునా అని ఆమె. గోడకు అటూ ఇటూ మాటలు ఆగిపోయాయి. ఆ క్రిస్మస్ పాట పాడాల్సింది వీళ్లిద్దరే. చర్చిలో సాధన చేస్తుంటే ఆమె తూర్పుకు తిరిగి, ఈమె పడమరకు తిరిగి పాడారు. వింటుంటే నా గుయ్యే నయమనిపించింది.

ఇంటికొచ్చి రాణి ఏడ్చింది. "మా ఆయన అబద్ధం సెప్పడని అందరి ముందర అన్నానప్పా" అంది. నిజం నోటిదాకా వచ్చింది. రికార్డింగు అయ్యాక చెబుదాంలే అని మింగేశాను.

రికార్డింగు రోజు కళ్యాణ్ గదిలో నా నల్లడబ్బా తగిలించాం. గుయ్య్! ముందుకంటే ఎక్కువ.

కళ్యాణ్ వైరు గుచ్చే జాక్కు ఊడదీసి చూశాడు. "రంగు పూస్తే ఎట్లన్నా? ఈ జాక్కుకు స్టీలు తగలాల. రంధ్రం సుట్టూ మెరిసేదాకా గీకు, గుయ్యి పోతాది."

రంధ్రం చుట్టూ గీకితే పేరు బయటపడదూ!

"వద్దులేప్పా. కీబోర్డే కానీ."

"అదేందన్నా, ఇన్నాళ్లూ..."

"కీబోర్డు మంచి వాద్యం. నాకు మొదట్నుంచీ ఇష్టం."

రాణి లేచి వచ్చింది. "వేలు కోసుకోని మరీ జేసినావు, ఇంత దాకా వచ్చి వదిలేస్తావా? ఇట్ల తే, నేను గీకిస్తా." నా చేతిలోంచి డబ్బా లాక్కుని బ్లేడుతో మొదలుపెట్టింది. అంత ప్రేమ నాకు అప్పుడే కావాల్సి వచ్చిందా!

ముందు 'బి' వచ్చింది. తర్వాత 'ల' వచ్చింది. రాణి చెయ్యి ఆగిపోయింది. కళ్యాణ్‌కు ఇవేవీ పట్టలేదు, డబ్బా అందుకుని జాక్కు బిగించి వైరు పెట్టాడు. గుయ్యి లేదు. "పోయింది! మాదన్నా, గుయ్యి పోయింది!" అని వాడొక్కడే గంతులేశాడు.

లక్ష్మక్క దగ్గరకొచ్చి వంగి చూసింది. "రాణీ, ఇది నా డబ్బా కదమ్మా?"

"నీదే అక్కా. అరటిపండ్లు లోపల ఉండాయేమో సూడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. నవ్వుతూనే ఇద్దరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. రాణి చేతులు పట్టుకుని లక్ష్మక్క "నిన్ను శానా మాటలన్నానే" అంది. తర్వాత రాణి నా వైపు తిరిగింది.

"నీ కోసం కొట్లాడినా కదప్పా" అంది. తిట్టినా బాగుండేది. నేను గిటారు వెనక దాక్కుందామని చూశాను కానీ గిటారు చాలలేదు.

పాట మాత్రం అద్భుతంగా వచ్చింది. అది అవగానే లక్ష్మక్క తగిలించిన వైర్లు పీకి డబ్బాను చంకలో పెట్టుకుని పోయింది. కొత్త డబ్బా కొనిస్తానన్నాను. "నాది నాకు సాలు" అంది.

ఇప్పుడు ఎక్కడ గిటారు వాయించాలన్నా ఆ డబ్బా కోసం ఆమె గడప ముందు నిలబడాలి.

"డబ్బాకు వచ్చినానని రాణికి సెప్పినావా?" అంటుంది.

"సెప్పినానక్కా."

"ఉండు, ఫోను జేసి అడుగుతా."

గోడ అవతల ఇంటికే ఫోను! నేను గిటారు భుజాన వేసుకుని ఎండలో నిలబడి ఉంటాను. కూర సంగతి, బియ్యం సంగతి, చుట్టాల సంగతి అన్నీ అయ్యాక లోపల్నుంచి ఒక పెద్ద నవ్వు వినబడుతుంది. నా సంగతి ఇప్పుడు మొదలైందన్నమాట.