రివర్ట్ కావలెను

ఒక పెద్ద అడవిలో ఎండలు ముదిరి, చెలమలన్నీ ఎండిపోయి, ఒక్క మడుగు మిగిలింది. అడవి సభకు కార్యదర్శి పరాంకుశం అనే నక్క. ఆ మడుగు కాస్తా తన బావమరుదుల పరం చేయాలని అతని కోరిక.

చిక్కల్లా నిబంధనతోనే. ఏ తీర్మానానికైనా ముందు అభ్యంతరాలు అడగాలి. తెలుగులో అడిగితే అడవంతా మీద పడుతుంది. అందుకని పరాంకుశం, అడవి అంచు బంగళాలో ఆఫీసర్ల నోట విన్న ఇంగ్లీషు మాటొకటి ఇరికించి, కాకి చేత చాటింపు వేయించాడు.

“మడుగు విషయమై అభ్యంతరం గలవారు వచ్చే సభలోగా రివర్ట్ కావలెనహో!”

జంతువులు మొహమొహాలు చూసుకున్నాయి. ఇంగ్లీషు మాస్టారింట పంజరంలో పెరిగి తప్పించుకొచ్చిన చిలక విశాలాక్షిని అడిగాయి.

“రి అంటే వెనక్కి. వర్ట్ అంటే తిరగడం. లాటిన్ ముక్కలు. కలిపితే, మునుపెలా ఉన్నామో మళ్లీ అలా అయిపోవడం,” అంది చిలక.

“అయితే నాకు మళ్లీ తోకొస్తుందా?” కప్ప గుడ్లు తేలేసింది.

“నేను పురుగునైపోవాలా? ఈ రెక్కలు మొన్ననేగా వచ్చాయి!” సీతాకోకచిలుక ఏడుపందుకుంది.

పొదచాటున వింటున్న పరాంకుశానికి నవ్వాగలేదు. ఆఫీసర్లు ఆ మాట వాడింది ‘జవాబివ్వడం’ అనే అర్థంలో. వీళ్లు తోకల గొడవలో ఉంటే ఇక జవాబిచ్చేదెవరు? ఆ పూట అతనికి హాయిగా కునుకు పట్టింది.

సభ రోజు సింహం గద్దెనెక్కింది. పరాంకుశం గొంతు సవరించుకున్నాడు.

“ఒక్క అభ్యంతరమూ రాలేదు ప్రభూ.”

“అభ్యంతరం సరే, సభకే ఎవరూ రాలేదేం?”

మడుగు వైపు నుంచి కేరింతలు వినిపించాయి. ఇద్దరూ వెళ్లి చూస్తే అడవంతా నీళ్లలోనే ఉంది.

“ఏమిటిది?” గర్జించింది సింహం.

ముసలి ఏనుగు తొండం దించింది. “రివర్ట్ అయ్యాం ప్రభూ. కప్పకి తోకైతే రాలేదు గానీ, సభ పెట్టకముందు ఎలా ఉండేవాళ్లమో అలా అయిపోయాం. అప్పట్లో మడుగు అందరిదీ. కార్యదర్శి అంటూ ఎవరూ లేరు.”

“రివర్ట్ అంటే జవాబివ్వడం!” పరాంకుశం గొంతు చించుకున్నాడు.

“ఆఫీసుల్లో అలాగే వాడతారు లెండి,” ఒప్పుకుంది చిలక. “మా మాస్టారైతే అలా రాసినవాడి పేపరు మొహాన కొట్టేవారు.”

సింహం కాసేపు ఆలోచించింది. “సభ పెట్టినప్పటి నుంచీ పెద్దరికం కోసం దుంపలు తింటున్నాను,” అంది మెల్లగా. “మరి నేను కూడా రివర్ట్ అయితే?”

అంటూ పరాంకుశాన్ని ఎగాదిగా చూసింది.

అతను జవాబివ్వడానికి ఆగలేదు. అవతలి కొండ ఎక్కేదాకా వెనక్కి తిరగనూ లేదు.

నీతి: జనానికి అర్థం కాని మాటతో మోసం చేయదలచినవారు ముందుగా నిఘంటువు చూసుకోవలెను.