హులిగెమ్మ ఇంట్లో నిశ్శబ్దం

ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకు ఆలూరు వైపు వెళ్ళి, జొన్నచేలో పిట్టలను తోలే హులిగెమ్మ గొంతు రికార్డు చేసుకుని, మధ్యాహ్నం భోజనానికల్లా కర్నూలు హాస్టలుకు తిరిగి రావాలన్నది సుజన, ఫిరోజా వేసుకున్న పథకం. కాలేజీలో ఇద్దరినీ కలిసి ఒక ఆడియో డాక్యుమెంటరీ చేయమన్నారు. సోమవారం అప్పజెప్పకపోతే మార్కులు లేవు. ప్రశ్నలు సుజనవి, మైకు ఫిరోజాది.

వాళ్ళ ఆశను హులిగెమ్మ వమ్ము చేయలేదు. మంచె ఎక్కి ఆమె వేసిన ఒక్క కేకకు చిలకలతో పాటు పక్క చేలో కలుపు తీసేవాళ్ళు కూడా లేచారు. ఇంటికొచ్చి కబుర్లన్నీ రికార్డయ్యాక ఫిరోజా అంది:

"అవ్వా, ఇంగ ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకూడదు. ఈ ఇంటి నిశ్శబ్దం కూడా కావాల. అది లేకపోతే మాటలు అతుకు పెట్టేకి కాదు."

"మాట్లాడేది పట్టుకుంటారు, సరే. మాట్లాడంది యెట్ల పట్టుకుంటారు పాపా?" హులిగెమ్మకు వింతగా తోచింది. అదేదో తానూ విందామని మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంది. అమ్మాయిలిద్దరూ మంచానికి చెరో పక్కన నిలబడి, తలలు వంచి రికార్డరులో అంకెలు చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి చిన్న ఈరన్న గడ్డపార అడగడానికి వచ్చాడు. హులిగెమ్మ నోరు మూసుకుని ఉండటం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. "ఏమైంది పాపా?" అన్నాడు గొంతు తగ్గించి. ఫిరోజా పెదవుల మీద వేలు పెట్టింది. మాట్లాడొద్దని సుజన తల అడ్డంగా ఊపింది. ఈరన్న భుజం మీది తువాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి వెళ్ళిపోయాడు.

ఎంత మర్యాదస్థుడో అనుకుంది సుజన.

ఆ నిమిషం ఎలాగూ చెడిపోయింది. రెండోదాన్ని కోడిపుంజు, మూడోదాన్ని బస్సు హారను చెడగొట్టాయి. నాలుగోదాని మధ్యలో వీధిలో ఏడుపు వినిపించింది.

హులిగెమ్మ తన కూతురి పెండ్లికి పిలుపు సరిగా చెప్పలేదని ఆమెతో మాటలు మానేసిన చెల్లెలు ఈరక్క, రొమ్ము బాదుకుంటూ లోపలికి వచ్చింది. వెనకాలే వీధి వీధంతా వచ్చింది. ఈరన్న చేతిలో పూలదండ ఉంది.

సుజన ఈరక్క వైపు తిరిగింది. "అమ్మా, అట్ల కాదు..." అంటుండగానే మంచం మీంచి ఒక చేయి ఆమె చున్నీ లాగింది. హులిగెమ్మ కళ్ళు తెరవకుండానే పెదవి కదిపింది. "ఊరుకో పాపా. ఏమంటాదో ఇననీ."

అది తప్పని సుజనకు తెలుసు. కానీ ఏమంటుందో వినాలని ఆమెకూ ఉంది. ఫిరోజా అయితే అప్పటికే మైకును ఈరక్క వైపు తిప్పేసింది.

"అయ్యో అక్కా! నీ మొగం సూడకూడదని సందులో నుంచి తిరిగి పోతాంటి గానీ, నీ కేక ఇనకుండా ఒక్క దినమన్నా పొయ్యి ముట్టించింటినా!"

హులిగెమ్మ మూసిన రెప్పల కింద తడి మెరిసింది.

"నన్ను తల్లి లెక్క సాకితివే! నాకన్నా పదైదేండ్లు పెద్దదానివి..."

"పదైదా?" హులిగెమ్మ దిగ్గున లేచి కూర్చుంది. "యాడివే పదైదు? రెండేండ్లే!"

పూలదండ నేల మీద పడింది. వీధి వీధంతా ఒక్క వాకిట్లోంచి ఒకేసారి బయటపడాలని చూసింది. ఈరక్క మాత్రం మంచం కోడు వదల్లేదు.

"బతికుండావా?"

"ఉండా."

"మరి యాల పండుకుంటివే అట్ల?"

"రికార్డింగంట."

నవ్వాలో తిట్టాలో ఈరక్కకు తేలలేదు. చేసేదేమీ తోచక ఫిరోజా హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు తగిలించి, ఆమె ఏడుపు ఆమెకే వినిపించింది. ఈరక్క కనుబొమలు పైకి లేచాయి. "శానా బాగ ఏడిసినానే!" అంది. కాసేపు ఆలోచించి, అక్కను రెక్క పట్టి లేపి తాను మంచమెక్కింది.

"నేను ఏడిసింది నువ్వు ఇంటివి గదా. ఇప్పుడు నువ్వు ఏడువు, నేను ఇంటా. పాపా, మైకు పెట్టు."

హులిగెమ్మ కొంగు నడుముకు దోపి, గొంతు సవరించుకుంది.

ఆ ఏడుపుకు పక్క ఊరి నుంచి జనం ట్రాక్టరెక్కి బయలుదేరారు.