ఇక ఎవరికీ తెలియని మూడు దొంగతనాలు

ఒహాయోలోని టాలీ కౌంటీ కమిషనర్ వెర్నన్ స్టౌట్ గారు, ఎన్నికలకు సరిగ్గా పదకొండు వారాల ముందు, మనుషుల పాత తప్పులను మరిచిపోయే బాధ్యతను ఇకపై ప్రభుత్వమే స్వీకరిస్తుందని ప్రకటించారు. అప్పటిదాకా ఆ పని జనం ఎవరికి వారే, అదీ అరకొరగా చేసుకుంటూ వచ్చారు.

ఆ మరుపుకు తొలి లబ్ధిదారుగా రాండెల్ ప్రూయిట్ ఎంపికయ్యాడు. అతనికి యాభై ఒక్కటి. పాతికేళ్ల వయసులో, ఫ్యాక్టరీ మూతపడిన ఏడాది, ఖాళీ ఇళ్ల గోడల్లోంచి రాగి గొట్టాలు పీకి పాత సామాన్ల కొట్టుకు అమ్మాడు. మూడు ఇళ్లు, మూడు కేసులు. మూడూ ఫెలొనీలే, చిల్లర నేరాలు కావు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. రాండెల్ తొక్కింది ఒక్క ఏడాది, కడుగుతున్నది ఇరవై ఆరేళ్లు. కాలితో పాటు స్కూలు బస్సులు కూడా కడుగుతున్నాడు. రోజూ తాను కడిగే పద్నాలుగో నంబరు బస్సుకు డ్రైవరు కావాలని అతని కోరిక. ఆ సీటుకు మచ్చలేని రికార్డు కావాలి.

జడ్జి గారు మూడు కేసుల ఫైళ్లకూ, ఇక ఎవరూ విప్పి చూడకుండా, సీలు వేయించారు. ఇక వాటి ఊసెత్తిన అధికారికి శిక్ష తప్పదు. రాండెల్ కోర్టు మెట్ల మీదే కూర్చుని ఏడ్చేశాడు. కెమెరా కుదిరేదాకా స్టౌట్ గారు అతన్ని లేవనివ్వలేదు.

సోమవారానికల్లా బస్సుల డిపో ఎదుట నలభై అడుగుల బోర్డు లేచింది. అందులో స్టౌట్ గారు రాండెల్ భుజం మీద చెయ్యివేసి నవ్వుతున్నారు. కింద "రాండెల్ ప్రూయిట్ చేసిన మూడు దొంగతనాలు ఇక ఎవరికీ తెలియవు!" అని ఉంది. తెలియకూడనివి ఏవో జనం పొరబడకుండా, వీధుల పేర్లతో సహా రాయించారు.

"నీ కాగితం పాలలా తెల్లగా వచ్చింది రాండెల్" అంది డిపో మేనేజరు లోర్నా పెట్‌కోవిచ్. "నాకైతే రేపే తాళం చేతికివ్వాలనుంది."

"మరి ఇచ్చేయండి మేడమ్!"

ఆమె కిటికీ వైపు చూసింది. "ముందు ఆ దిక్కుమాలిన బోర్డు దిగనీ. పొద్దున్నుంచి పదిహేడు మంది తల్లులు ఫోన్ చేశారు. ఒకావిడ కొడుక్కి ఆ వీధుల పేర్లు నోటికొచ్చేశాయట."

రాండెల్ కమిషనర్ ఆఫీసుకు పరుగెత్తాడు.

"సార్, ఆ బోర్డు తీయించండి. మీకు పుణ్యముంటుంది."

"ఓస్, అంతేనా బ్రదర్! ఆర్డరులో కారణం రాయాలి. ఏమని రాయను?"

"నా పాత కేసులన్నీ దానిమీద ఉన్నాయని రాయండి."

స్టౌట్ గారు రెండు చెవులూ మూసుకున్నారు. "ఏ కేసులు? నేను వాటి ఊసెత్తకూడదయ్యా! నన్ను జైలుకు పంపిస్తావా?"

"బోర్డు మీద ఎత్తింది మీరే కదండీ!"

"అది సీలు పడకముందు ప్రింటుకిచ్చింది. తీయించడం సీలు పడ్డాక. తేడా లేదూ?"

చట్టానికి ఇంతగా భయపడే నాయకుడు దొరకడం టాలీ కౌంటీ అదృష్టం.

శనివారం మధ్యాహ్నం రాండెల్ నిచ్చెన వేసుకుని, తెల్ల రంగుతో ఆ అక్షరాలు పూసేశాడు. స్టౌట్ గారి ముఖం మీద ఒక్క చుక్క పడనివ్వలేదు. దారినపోయే కార్లవాళ్లు మెచ్చుకోలుగా హారన్లు కొట్టారు. పోలీసులు మాత్రం కొట్టలేదు. బోర్డు ఖరీదైనది కాబట్టి ఇది కూడా ఫెలొనీయే అయింది.

కోర్టులో జడ్జి గారు అడిగారు. "ఎందుకు చేశావయ్యా?"

రాండెల్ నోరు తెరవబోయాడు. పక్కనున్న అతని లాయరు చప్పున గిల్లాడు. "చెప్పకు! ఇక్కడ పలికిన ప్రతి మాటా రికార్డుకెక్కుతుంది. నీ సీలు నువ్వే విప్పుకుంటావా?"

రాండెల్ నోరు మూసుకున్నాడు. జడ్జి గారు ఫైలు తిరగేసి నిట్టూర్చారు.

"యాభై ఒక్క ఏళ్లు. ఇప్పటిదాకా చీమకు కూడా హాని చెయ్యలేదు. ఇలాంటివాడు ఈ వయసులో చెడిపోవడం చూస్తే కడుపు తరుక్కుపోతోంది. జైలు వెయ్యడం లేదు, నేరం మాత్రం రికార్డులో ఉంటుంది. పో."

వెనక బెంచీలో కూర్చున్న లోర్నా తల దించుకుని బయటికి నడిచింది.

కౌంటరులో గుమస్తా కొత్త ఫైలు అట్ట ఒకటి తీసి, దానిమీద అతని పేరు గుండ్రంగా రాసింది. "మీ పేరుతో మా దగ్గర పాత ఫైలేదీ లేదండీ. కోర్టుకు రావడం ఇదే మొదటిసారా?"

రాండెల్ లాయరు వైపు చూశాడు. లాయరు తలూపాడు.

"అవునమ్మా" అన్నాడు రాండెల్. "మొదటిసారే."