పైపుల మేడం నెట్‌వర్క్ మీటింగు

ఆ శనివారం పైపుల మేడం పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. తొమ్మిదింటికల్లా కాలేజీకి చేరాలి, వర్క్‌షాపు కిటికీ పక్కన లాప్‌టాప్ పెట్టుకోవాలి, పదింటికి ఆన్‌లైన్ సమావేశంలో తన వ్యాసం చదవాలి, ఒంటిగంటకు ఇంటికొచ్చి భోంచేయాలి. అంతే.

ఆమె ఒక వృత్తి విద్యా కాలేజీలో ప్లంబింగ్ నేర్పుతుంది. ఇరవై రెండేళ్లుగా పైపులతోనే కాపురం కాబట్టి కాలేజీలో అందరూ ఆమెను పైపుల మేడం అనే పిలుస్తారు. వేరే వేరే ఊళ్ల కాలేజీల్లో ఆమెలాంటి టీచర్లు మరో ముప్ఫై ముగ్గురున్నారు. వెల్డింగ్ చెప్పేవారు, కుట్టుపని చెప్పేవారు, బేకరీ పని చెప్పేవారు. పన్నెండేళ్ల కిందట వీళ్లంతా కలిసి ఒక పరిశోధన నెట్‌వర్క్ పెట్టుకున్నారు. తమ క్లాసులో ఏం జరుగుతోందో, పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో తామే గమనించి, రాసి, ఏడాదికి రెండుసార్లు ఎక్కడో ఒకచోట కూర్చుని చదువుకుంటారు. ఇప్పుడు ఏ కాలేజీ కూడా ప్రయాణానికి సెలవివ్వడం లేదు. అందుకని ఈసారి మొదటిసారిగా సమావేశాన్ని ఆన్‌లైన్‌కి మార్చారు. నిర్వహణ పైపుల మేడం నెత్తిన పడింది.

ఆమె వ్యాసం సాయంత్రం బ్యాచి గురించి. రెండు నెలలు తిరక్కుండానే ఆ బ్యాచిలో పద్నాలుగు మంది పేర్లు రిజిస్టరులోంచి ఎగిరిపోయాయి. కారణం అనే గడిలో ఆఫీసువాళ్లు పద్నాలుగు చోట్లా ఒకటే మాట రాశారు: ఆసక్తి లేదు. పైపుల మేడం ఆ పద్నాలుగు మందినీ వెతుక్కుంటూ వెళ్లింది. తేలిందేమిటంటే, హాజరు ఎవరికి వాళ్లు ఫోన్లో వేసుకోవాలి. కాలేజీలో ఫోన్లకు సిగ్నల్ ఉండదు. హాజరు పడకపోతే మనిషి రానట్టు లెక్క. లాండ్రీలో ఇస్త్రీ చేసే ఒకావిడ, పేరు కొట్టేశారని తెలియక, ఆ తర్వాత కూడా మూడు వారాలు క్లాసుకొచ్చి శ్రద్ధగా పైపులు కోసింది.

ఈ సంగతి ప్రిన్సిపాల్‌తో చెబితే ఆయన నవ్వాడు. "పద్నాలుగు మందిని అడిగి పరిశోధన అంటారా? మా అత్తగారు కూడా రోజూ పద్నాలుగు మందిని అడుగుతుంది, ఇవాళ కూరేమిటని. ఆవిడకి డాక్టరేట్ ఇద్దామా? మీరు పాఠం చెప్పండి, చాలు. పరిశోధనకి పెద్దపెద్ద యూనివర్సిటీలున్నాయి."

అంతటితో ఆగితే సరిపోయేది. "మీ సమావేశానికి కనీసం వందమంది వస్తే ఆ నెట్‌వర్క్ ఉందని ఒప్పుకుంటాను. రాలేదా, దానికోసం మీకు వారానికిచ్చే రెండు గంటలు రద్దు. కాగితం టైపు చేసి పెట్టాను, సంతకమే తరువాయి" అన్నాడు. ఇంటి నుంచి మీటింగంటే సెలవు కిందే లెక్క కాబట్టి, కాలేజీలోనే కూర్చుని పెట్టుకోవాలని కూడా చెప్పాడు.

"ఎందుకొచ్చిన గొడవ?" అన్నాడు ఆ ఉదయం టిఫిను దగ్గర భర్త. ఆయన ఒక బట్టల కంపెనీలో స్టోరు చూస్తాడు. గట్టిగా తుమ్మడానికి కూడా అటూ ఇటూ చూసే మనిషి. "మీరున్నది ముప్ఫై నలుగురు. వందమందిని ఎక్కణ్ణుంచి తెస్తావు? ఊరుకోకూడదూ?"

"ఊరుకుంటే లీకు ఆగుతుందాండీ? వందమంది రాకపోతే ఉన్న ముప్ఫై నలుగురికే చదువుతాను. ఆ తర్వాత రద్దు చేసుకోమనండి. చదివినమాట రద్దవదుగా!"

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండి భార్య సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కాబట్టి. భర్త నిట్టూర్చి, తన ఆఫీసులో అడిగి తెచ్చిన అరచేతిలో పట్టే, కిటికీ దగ్గర పెడితే ఎంత సన్నటి సిగ్నలైనా లాగే నెట్ పెట్టెను ఆమె సంచీలో పెట్టాడు.

నిజానికి కొంప ముంచే పని ముందురోజు సాయంత్రమే అయిపోయింది. పైపుల మేడం ఇంటికెళ్లే తొందరలో హెడ్‌క్లర్కు బల్ల మీద ఒక చీటీ పెట్టింది. "రేపు పదింటికి ఆన్‌లైన్‌లో నెట్‌వర్క్ సమావేశం. నెట్‌వర్క్ లిస్టులో ఉన్నవాళ్లందరికీ ఈ లింకు పంపగలరు." హెడ్‌క్లర్కు నెమ్మదస్తుడు, చెప్పిన పని కంటే కాస్త ఎక్కువే చేసే మనిషి. బీరువా తెరిస్తే నెట్‌వర్క్ అని రాసిన లిస్టులు రెండు కనిపించాయి. ఒకదాంట్లో ముప్ఫై నాలుగు పేర్లున్నాయి. రెండోది లావుపాటి రిజిస్టరు. కాలేజీలో సిగ్నల్ లేదని, హాజరు పడటం లేదని ఆరు నెలలుగా ఫిర్యాదు చేసిన విద్యార్థుల, తల్లిదండ్రుల ఫోను నంబర్లన్నీ అందులో ఉన్నాయి. ఎందుకైనా మంచిదని ఆయన రెండూ ఇంటికి పట్టుకెళ్లి, రెండింటికీ లింకు పంపాడు. పైగా జనం రారేమోనని తనవంతుగా ఒక వాక్యం చేర్చాడు: "నెట్‌వర్క్‌కు బాధ్యురాలైన మేడం స్వయంగా సమాధానం చెబుతారు. తప్పక రండి."

పదికి ఐదు నిమిషాలుందనగా తెర మీద నలభై మంది ఉన్నారు. పది కొట్టేసరికి నూట ఇరవై అయ్యారు. పైపుల మేడం కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. రెండు వందల పది.

"ఏమమ్మా, మనకింత పేరెప్పుడొచ్చింది?" అన్నాడు అధ్యక్షత వహిస్తున్న వెల్డింగ్ మాస్టారు. రిటైరవబోతున్న ఆయనకు కళ్లు చెమర్చాయి. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "అందరికీ నమస్కారం. మన నెట్‌వర్క్ పన్నెండేళ్లుగా ఒక్కరోజు కూడా ఆగకుండా పనిచేస్తోందని చెప్పడానికి గర్వపడుతున్నాను."

తెర మీద ముఖాలు ఒక్కసారిగా దగ్గరికొచ్చాయి.

"ఏ నెట్‌వర్కండీ ఆగకుండా పనిచేసేది?" అని ఒక గొంతు లేచింది. "పన్నెండేళ్లు అక్కర్లేదు, పన్నెండు నిమిషాలు పనిచేసింది చూపించండి!"

వెల్డింగ్ మాస్టారు విమర్శకు భయపడే రకం కాదు. "మంచి ప్రశ్న. మా నెట్‌వర్క్ చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ ఎక్కడో మూలనున్న వాళ్లని కూడా కలుపుతోంది."

"కలుపుతోందా? నేను మా మేడ మీద వాటర్ ట్యాంకు ఎక్కి మాట్లాడుతున్నాను బాబూ!" అన్నాడొక తండ్రి. నిజమే, ఆయన వెనక ఆకాశం తప్ప మరేమీ లేదు. అప్పుడు గమనిస్తే సగానికి సగం మంది అలాగే ఉన్నారు. ఒకరు బస్‌స్టాపులో, ఒకరు మెట్ల మీద, ఒకావిడ ఎవరి బాల్కనీలోనో, వెనక ఆ ఇంటివాళ్లు విసుగ్గా చూస్తుండగా.

బేకరీ మేడం సర్దిచెప్పబోయింది. "కొంచెం ఓపిక పట్టండి. ఇదివరకు మేము ముఖాముఖి కలిసేవాళ్లం. ఇకనుంచి అంతా ఆన్‌లైనే. దీనివల్ల ఇంకా ఎక్కువమందికి అందుబాటులో..."

"అంతా ఆన్‌లైనా!" ఒక్కసారిగా నూరు గొంతులు లేచాయి. లాప్‌టాప్ బల్ల మీద వణికింది.

ఆ గోలలో ఒక ముసలావిడ గొంతు గంటలా మోగింది. నర్సింగ్ కోర్సు చదివే మనవరాలిని పెంచుతున్న బామ్మ ఆవిడ. "అందరూ ఆగండి! నెట్‌వర్క్‌కు బాధ్యురాలైన మేడం సమాధానం చెబుతారని నాకు మెసేజీ వచ్చింది. ఆ మేడం ఎవరమ్మా? దాక్కోకుండా ముందుకు రా!"

అప్పుడర్థమైంది పైపుల మేడానికి. చీటీ, రిజిస్టరు, హెడ్‌క్లర్కు మంచితనం, అన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి. లాప్‌టాప్ మూసేసి ఇంటికి పోదామా అని ఒక్క నిమిషం అనిపించిన మాట వాస్తవం. సరిగ్గా అప్పుడే గోడకున్న ఇంటర్‌కంలో ప్రిన్సిపాల్ ఫోన్ వచ్చింది.

"ఏమిటండీ ఆ గొడవ? నా గది ల్యాండ్‌లైనుకి ఇప్పటికి పదిహేడు ఫోన్లొచ్చాయి. వెంటనే ఆపేయండి!"

ఆపేద్దామనుకున్న మనిషికి, ఆపమనేసరికి వెన్నెముక నిటారైంది. "ఆపను సార్."

"ఏమిటీ?"

"మీరు వందమంది కావాలన్నారు. మూడు వందల తొంభై మంది ఉన్నారు. మిగిలినవాళ్లని తోలెయ్యమంటే ఎవరెవర్నో మీరే చెప్పండి."

ప్రిన్సిపాల్ ఫోన్ పెట్టేసి ఆమె భర్తకు చేశాడు. "మీ ఆవిడకి మీరైనా చెప్పండి, ఆ మీటింగు ఆపమని!"

భర్త అటూ ఇటూ చూశాడు. స్టోరులో ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించకుండానే అన్నాడు. "సార్, ఆవిడ నా మాట వినేదే అయితే మీరు నాకు ఫోన్ చేసే అవసరమే వచ్చేది కాదు." పెళ్లయిన పాతికేళ్లలో అంత పొడుగు వాక్యం ఆయన ఏ అధికారితోనూ మాట్లాడి ఉండడు.

ప్రిన్సిపాల్ హెడ్‌క్లర్కును పిలిచాడు. "కాలేజీ ఇంటర్నెట్ మొత్తం కట్ చెయ్యి!"

"ఏది కట్ చేయాలి సార్?" అన్నాడు హెడ్‌క్లర్కు వినయంగా. "అది పోయి ఆరు నెలలైంది. అన్ని గదుల్లోనూ బ్రహ్మాండంగా ఉందని ప్రతి నెలా మనం పైఆఫీసుకు రాస్తున్నాం గదా సార్. మేడం నెట్ ఇంటి నుంచి తెచ్చుకున్నారు."

ఇక మిగిలింది స్వయంగా వెళ్లడమే. ప్రిన్సిపాల్ వర్క్‌షాపులోకి పెద్దపెద్ద అంగలతో దూసుకొచ్చి, లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేశాడు. వేసినప్పుడు కాస్త వంగాల్సి వచ్చింది. వంగేసరికి ఆయన ముఖం తెరంతా నిండింది.

"వచ్చాడు, వచ్చాడు! ప్రిన్సిపాల్!" అంది బామ్మ. "ఏం నాయనా, ఈ మీటింగు నువ్వే పెట్టించావా? లేక మూయించడానికి వచ్చావా?"

నాలుగు వందల జతల కళ్లు. ప్రిన్సిపాల్ చెయ్యి మూత మీద నుంచి మెల్లగా జారి, నమస్కారంగా మారింది. "అయ్యో, నేనే పెట్టించానమ్మా. మీ సమస్యలు వినాలనే..."

"విన్నారుగా!" పైపుల మేడం ఆ మాట నేల మీద పడనివ్వలేదు. "సారే పెట్టించారు. కాబట్టి సార్ కూడా కూర్చుంటారు." ఒక ఇనప స్టూలు లాగి ఆయన వెనక పెట్టింది. తెర వైపు తిరిగింది. "అమ్మా, నేను నెట్‌వర్క్ కంపెనీ మనిషిని కాదు. ప్లంబింగ్ టీచర్ని. నా క్లాసులో పద్నాలుగు మంది పేర్లు ఎందుకు పోయాయో తెలుసుకుని వ్యాసం రాసుకొచ్చాను. ఇప్పుడది చదవను. మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. క్లాసుకొచ్చినా, సిగ్నల్ లేక హాజరు పడక, పేరు పోయినవాళ్లు మీ ఇళ్లలో ఎందరున్నారు? చెయ్యెత్తండి."

తెర మీద చేతులు ఒకటొకటిగా లేచాయి. ఇరవై. నలభై. డెబ్బై మూడు దగ్గర ఆగాయి. వాటిలో ఇస్త్రీ చేసే ఆవిడ చెయ్యి ఉంది. నిజంగానే లాండ్రీలోంచి, ఇంకో చేత్తో ఇస్త్రీపెట్టె పట్టుకుని.

"నాకు ఆసక్తి లేదని రాశారట మేడం," అందావిడ. "నేను రెండు బస్సులు మారి వచ్చేదాన్ని."

వెల్డింగ్ మాస్టారు కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "మనం ముప్ఫై నలుగురం ఉన్నాం," అన్నాడు సభ్యులతో. "పనిలోకి దిగండి."

ఆన్‌లైన్ సమావేశాన్ని చిన్న చిన్న గదులుగా విడగొట్టవచ్చని వారం కిందటే వాళ్లు నేర్చుకున్నారు. ఇప్పుడు ముప్ఫై నాలుగు గదులు తెరిచారు. ఒక్కో టీచరు ఒక్కో గదిలో డజను మందితో కూర్చుని, ఎవరు ఎన్ని రోజులు వచ్చారు, ఎన్ని పడ్డాయి, ఎప్పుడు పేరు పోయింది, అన్నీ అడిగి రాసుకున్నారు. వాటర్ ట్యాంకు తండ్రిని కుట్టు మేడం ముందు కిందికి దిగమని బతిమాలి, తర్వాత వివరాలు రాసుకుంది. పైపుల మేడం తన గదిని వర్క్‌షాపు లాప్‌టాప్‌లోనే నడిపింది. పక్కనే స్టూలు మీద ప్రిన్సిపాల్ ఉండిపోయాడు. లేద్దామనుకున్నప్పుడల్లా బామ్మ, "ఎక్కడికి నాయనా, నాది ఇంకా అవలేదు," అనేది. ఆ గదిలోనే ఆవిడ కూడా పడింది మరి. నలభై నిమిషాలు ఆయన విన్నాడు. మొదటి పది నిమిషాలు వాచీ చూసుకున్నాడు. తర్వాత చూసుకోలేదు.

సోమవారం డెబ్బై మూడు పేర్లూ రిజిస్టరులోకి తిరిగొచ్చాయి. హాజరు మళ్లీ కాగితం మీద, పెన్నుతో మొదలైంది. ఇస్త్రీ చేసే ఆవిడ సాయంత్రం బ్యాచిలో ముందు బల్ల దగ్గర నిలబడి పైపు చివర బిగింపు మర కోసింది. వారానికి రెండు గంటలు రద్దు చేసే కాగితం ఏమైందో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

కానీ ప్రిన్సిపాల్ ఊరుకునే మనిషి కాదు. "నా నాయకత్వంలో నాలుగు వందల మందితో జరిగిన పరిశోధన" అని పైఆఫీసుకు పది పేజీల నివేదిక పంపాడు. అది చూసి పైపుల మేడం పళ్లు కొరుక్కుంది. "నా పేరు లేకపోయినా ఫర్వాలేదు. ఇస్త్రీ ఆవిడ మాట ఒక్కటైనా ఉందా అందులో?" అని నేరుగా ఆయన గదికే వెళ్లి అడిగింది. ఆయన తన ప్రతిని పది పేజీలూ తిరగేసి, సొరుగులో పెట్టేశాడు.

జవాబు పైఆఫీసు నుంచి వచ్చింది. నివేదిక వాళ్లకు తెగ నచ్చింది. ఇంతటి పరిశోధకుడు పాలనా పనుల్లో మగ్గిపోవడం బాధాకరమన్నారు. తన సొంత పని గురించి ఒక పరిశోధన చేసి, టీచర్ల నెట్‌వర్క్ తర్వాతి ఆన్‌లైన్ సమావేశంలో వ్యాసం చదవాలని ఉత్తర్వు పంపారు. వ్యాసాన్ని ముందుగా నెట్‌వర్క్ నిర్వాహకురాలు, అంటే పైపుల మేడం, చూసి ఆమోదించాలి.

ప్రిన్సిపాల్ ఆ ఉత్తర్వు పట్టుకుని వర్క్‌షాపుకొచ్చాడు. "మేడం, నేనేం పరిశోధించను?"

"చిన్నదాంతో మొదలుపెట్టండి సార్. విద్యార్థుల కోసం మీ గది తలుపు రోజుకు ఎన్నిసార్లు తెరుచుకుంటోందో లెక్క రాయండి. కల్పించకూడదు, చూసిందే రాయాలి."

ఆయన నిజాయితీగానే రాశాడు. మొదటి వారం ఫలితం ఒక్క వాక్యంలో తేలింది: తలుపు రోజుకు రెండుసార్లు తెరుచుకుంటోంది, రెండూ నా భోజనానికే.