జహూర్ చాయ్ పరపతి విధానం

ఆ పొద్దున జహూర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. పది రూపాయల చాయ్‌ని పన్నెండు చేయాలి. పాలు పెరిగాయి, చక్కెర పెరిగింది, ఇల్లందు బస్టాండు ముందున్న ఆ కొట్టు కిరాయి కూడా పెరిగింది. పెరగనిది జహూర్ ధైర్యమొక్కటే. ఇరవై ఏళ్లుగా తన బల్లల మీద కూర్చునేవాళ్లను రెండు రూపాయలు ఎక్కువ అడగాలంటే ఆయనకు నోరు పెగలదు. ఈ నెలా అడగకపోతే కొట్టుకు తాళమే.

"అందులో ఏముంది? సీదాగ చెప్పెయ్యండి," అంది భార్య జహీదా, పొయ్యి మీది పాల మీంచి చూపు తిప్పకుండా.

చెప్పేలోపే చిరంజీవి సార్ వచ్చాడు. ఎకనామిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రోజూ ఒక చాయ్ తాగి కొట్టులోని పేపర్లన్నీ చదివిపోతాడు.

"పెంచుడు తప్పు కాదు భాయ్, నువ్వొక్కనివే పెంచుడు తప్పు. రిజర్వు బ్యాంకు ఏం జేస్తది? ఆరుగురు కూసుంటరు. ధరలు మండుతుంటె వడ్డీ పెంచుతరు. అప్పు పిరమైతే జనం కొనుడు తగ్గిస్తరు, ధరలు చల్లబడతయి. ఓట్లు చెరి మూడైతే గవర్నర్ మాటే ఫైనల్. ఇయ్యాల పదింటికి టీవీల చెప్తరు. నువ్వు గూడ గట్లనే కమిటీ పెట్టు. నింద నీ మీద పడదు."

ఆఖరి మాట జహూర్ చెవికి తియ్యగా తగిలింది. వెంటనే కమిటీ కూర్చుంది. గవర్నర్ జహూర్. సభ్యులు సార్, కండక్టర్ హరిలాల్, బొగ్గుబాయిలో పనిచేసే పగిడయ్య, బస్సు తప్పిపోయిన ఇద్దరు. చర్చ అన్నాక చాయ్ కావాలి. గవర్నర్ ఖాతాలో రెండు రౌండ్లు తిరిగాయి.

"పన్నెండంటే చిల్లరతోటి సస్తం," అన్నాడు హరిలాల్.

"పెంచితె రెండు పూటలొచ్చేటోణ్ని ఒక్క పూటే వస్త," అన్నాడు పగిడయ్య.

"చూసినవా భాయ్, పాలసీ పనిచేస్తున్నది!" అని సార్ తొడ చరిచాడు. పాలసీ పనిచేయడమంటే గిరాకీ పోవడమని జహూర్‌కు అప్పుడు అర్థమైంది.

ఈలోగా బస్టాండంతా మాట పాకింది, జహూర్ చాయ్ పెరుగుతుందట. పెరిగేలోపు తాగాలని జనం ఎగబడ్డారు. ఫ్లాస్కులు కూడా తెచ్చారు. పాలు అయిపోయాయి. కబురందుకుని వచ్చిన, పాలు పోసే బద్యా ఆ గుంపును చూసి, లీటరుకు ఐదు రూపాయలు ఎక్కువ అన్నాడు.

"పెరుగుతదనుకున్నందుకే పెరిగింది! దీన్నే ద్రవ్యోల్బణ అంచనాలంటరు," అని మురిసిపోతూ సార్ మూడో చాయ్ అందుకున్నాడు. బద్యా చెప్పిన ధరకు పన్నెండు కూడా బొటాబొటే.

ఓట్లు చెరి మూడు పడ్డాయి. అందరూ గవర్నర్ వైపు తిరిగారు. జహూర్ లేచి గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే వెనక టీవీ అంది, "కీలక వడ్డీ రేట్లు యథాతథం."

జనం చప్పట్లు కొట్టారు. "అయిపాయె, యథాతథం!" అని హరిలాల్ ఈల వేశాడు. అంత సంబరం చూశాక పాపం జహూర్ నోట ఒక్క ముక్కే వచ్చింది.

"అవ్."

జహీదా పొయ్యి ఆర్పింది. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద 'చాయ్ 12' అని రాసింది.

"తాగేటోళ్లు తాగుండ్రి, లేకుంటె లేదు. ముందుగాల కమిటీ తాగిన చాయ్ పైసలు ఎవరిస్తరో చెప్పుండ్రి," అంది.

సార్ జేబు తడుముకున్నాడు. మర్నాడు అందరూ వచ్చారు, పన్నెండు ఇచ్చారు. పగిడయ్య రెండు పూటలా వచ్చాడు. ఇంత సులువా అని జహూర్‌కు సిగ్గేసింది.

రెండు నెలలకు కమిటీ మళ్లీ కూర్చుంది. జహీదా చాయ్ పైసలు ముందే తీసుకుంది. సుదీర్ఘ చర్చ తర్వాత, రేటు పన్నెండు దగ్గరే యథాతథంగా ఉంచాలని కమిటీ ఏకగ్రీవంగా నిర్ణయించింది.