సజ్జ మీద ఇద్దరం

మా ఆవిడను భయపెట్టాలని నేను నడుం కట్టింది ఆవిడ మేలు కోరే. ఈ ఒక్క ముక్క నమ్మితే మిగతా కథ చెబుతాను.

మా ఆవిడ డబ్బింగ్ కళాకారిణి. టీవీలో వారం వారం వచ్చే గూఢచారి సీరియల్లో పెదవులు కదిపేది నాయిక, గొంతు మాత్రం మా ఆవిడది. ఆ నాయిక శత్రువుల గోడలు దూకుతుంది, పరిగెత్తే రైలు మీద తానూ పరిగెత్తుతుంది. మా ఆవిడ అటక మీది డబ్బా కోసం పీట కూడా ఎక్కదు. ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి. అందుకని మా ఇంట్లో పీటలెక్కే ఉద్యోగం నాది. అది కాక నాకొక కళ్ళజోళ్ళ దుకాణం కూడా ఉంది.

దుకాణానికి ఎవరొచ్చినా, అక్షరాలు కనిపిస్తున్నాయా అని అడగడానికి ముందే ఆ సీరియల్ చూస్తున్నారా అని అడుగుతాను. చూస్తున్నామంటే, ఆ గొంతు మా ఆవిడదేనంటాను. చూడడం లేదంటే ఇంకా ఎక్కువ చెబుతాను. కళ్ళ కోసం వచ్చినవాళ్ళు చెవులు పట్టుకుని వెళుతుంటారు.

అలాంటి గొంతుకు ఒకసారి గండం వచ్చింది.

సీరియల్లో నాయకుడూ గూఢచారే. ఇద్దరూ ప్రేమించుకున్నారు. ఒక పాడుబడ్డ గిడ్డంగిలో అతను చూసుకోక బాంబు మీద కాలేస్తాడు. కాలు తీస్తే పేలుతుంది. నువ్వు పారిపో అంటాడు. ఆమె కదలదు. తన కాలు అతని కాలి పక్కన మోపి, "నీ కాలు తియ్, నేను నొక్కి పెడతాను. నువ్వు వెళ్ళు" అంటుంది. అదీ సీను. కాగితం మీద "భయంతో కేక వేస్తూ" అని రాశారు.

ఆ సీరియల్ దర్శకుణ్ణి స్టూడియోలో అందరూ చాటుగా 'మళ్ళీగారు' అంటారు. ఆయన నోట ఆ మాట తప్ప మరొకటి రాదు. ఆ రోజు సాయంత్రం దాకా మళ్ళీ మళ్ళీ చెప్పించి, చివరికి విసిగిపోయి పూర్తి వాక్యమే మాట్లాడాడట.

"అమ్మా, అక్కడ మనిషి చచ్చిపోతున్నాడు. మీ గొంతు వింటే పాలు పొంగిపోతున్నట్టుంది. ఎల్లుండి ఇంకోసారి చూద్దాం. అప్పటికీ కుదరకపోతే వేరే గొంతు వెతుక్కోవాలి."

మా ఆవిడ ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది.

"గట్టిగా అరవలేకపోయావా?" అన్నాను.

"అరిచాను. పక్క గదిలో వార్తలు చదువుతున్నాయన పరిగెత్తుకొచ్చాడు."

"మరింకేం?"

"అరుపైతే వస్తోంది, భయమే రావడం లేదు. అతనెవరో, అతని కాలేమిటో, నాకెందుకు భయం?"

"పోనీ, అక్కడ నేనున్నాననుకో."

"మీరా? బాంబు దాకా ఎందుకు, తుడిచిన నేల మీద జారకుండా ఉంటే పదివేలు."

మాట తగిలింది కానీ మందు దొరికింది. నాకేమవుతుందోనని ఆవిడకు నిజంగా భయం పుట్టిస్తే, ఆ భయం ఆవిడ గొంతులోకి వస్తుంది. నా ప్రాణం అడ్డం వేసి మా ఆవిడ ఉద్యోగం కాపాడాలి. ఆ సీరియల్ నాయకుడు నా ముందు బలాదూర్ అనిపించింది.

మాది మొదటి అంతస్తు. వంటింటి కిటికీకి ఊచలు లేవు. దాని కిందే, కింది వాటా కిటికీ మీది సజ్జ. పడిన తువ్వాలు తీసే వంకతో ఆ సజ్జ మీదికి దిగి, పడిపోతున్నానని కేక వేయాలి. మర్నాడు పొద్దున్నే స్నానాల గదిలో పంపు తిప్పి, నీళ్ళ చప్పుడులో కేక సాధన చేశాను.

ఆవిడ వంటింట్లో కూరగాయలు తరుగుతుండగా తువ్వాలు జారవిడిచి, కిటికీ దాటి, సజ్జ చివరికంటా నడిచాను.

"ఏమోయ్, పడిపోతున్నాను."

లోపల కత్తి టకటక ఆగలేదు.

"గొంతులోంచి వస్తోందండీ. కడుపులోంచి రావాలి. మళ్ళీ."

నివ్వెరపోయాను. అయినా పట్టు వదలకుండా ఇంకోసారి అరిచాను.

"'పడి' దగ్గర తొందరపడ్డారు. మళ్ళీ."

మూడోసారి ఊపిరి తీసుకుంటుండగా నా మడమ కింద పటపటమంది. సజ్జ అంచునుంచి ఒక పెచ్చు విరిగి కింద పడింది.  వీపు గోడకు అంటించి నోరు తెరిచాను. మాట పెగల్లేదు.

లోపల కత్తి ఆగింది.

ఆవిడ కిటికీలోంచి తొంగి చూసింది. నా ముఖం చూడగానే ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత జరిగింది నేను ఈ కళ్ళతో చూశాను కాబట్టి నమ్ముతున్నాను. పీట ఎక్కని మనిషి కిటికీ ఎక్కింది. ఒక కాలు, ఆ తర్వాత రెండో కాలు సజ్జ మీద పెట్టింది. ఒక చేత్తో కిటికీ చట్రం పట్టుకుని, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

కేక వేయలేదు. చాలా చిన్నగా మాట్లాడింది. ఆ గొంతు నేను ఇంట్లో ఎప్పుడూ వినలేదు, టీవీలోనూ వినలేదు.

"నన్ను చూడండి. కిందికి కాదు, నన్ను. ఇక్కడే ఉన్నాను."



"నువ్వు లోపలికి వెళ్ళు. ఇది ఇద్దర్ని మొయ్యదు" అన్నాను. నాకు పెగిలిన మొదటి మాట అదే. అందులో నటన లేదు.

"మీరు ముందు పదండి."

"కిటికీకి అడ్డం నువ్వుంటే నేనెలా పోను?"

"చెయ్యి వదిల్తే మీరు పడతారు."

"వదలకపోతే ఇద్దరం పడతాం."

"పడదాం. వాదించకండి."

"వాదన తర్వాత. ముందు ఇద్దరూ బ్రేకు వెయ్యండి" అని కిందినుంచి వినిపించింది. కింది వాటాలో ఉండే బ్రేకు బాబాయి, బస్సు నడిపి రిటైరైన మనిషి, నా పక్కన గోడకు నిచ్చెన ఆనించాడు. "అబ్బాయ్, నువ్వు దిగు. మెట్టు చూసుకుని."

నా కాలు మెట్టు మీద ఆనేదాకా ఆవిడ చెయ్యి వదల్లేదు. నేను దిగాక ఆవిడ అలాగే బిగుసుకుపోయింది. ముందుకూ రాలేదు, వెనక్కూ పోలేదు. నేను ఇంటి మెట్లెక్కి పరిగెత్తి, కిటికీలోంచి నడుం పట్టి లోపలికి లాక్కున్నాను. ఇద్దరం వంటింటి నేల మీద చతికిలబడ్డాం, చుట్టూ కూరగాయ ముక్కలు.

బాబాయి పైకి వచ్చాడు. అంత తొందరగా నిచ్చెన ఎక్కడ దొరికిందని అడిగాను.

"తొందరేముంది? ఇందాకట్నుంచీ పట్టుకునే నిలబడ్డాను. అమ్మాయే చెప్పింది, మా ఆయన ఇవాళ సజ్జ ఎక్కేలా ఉన్నాడు, ఓ కన్నేసి ఉంచమని."

నేను ఆవిడ వైపు చూశాను.

"పంపు తిప్పితే నాకు వినపడదనుకున్నారా? నా బతుకే గొంతులతో. ఆ తర్వాత మీరు వంటింటి కిటికీ ఎత్తు చూసుకోవడం కూడా చూశాను."

"మరి నిచ్చెన ఉందని తెలిసీ నువ్వెందుకు బయటికొచ్చావు?"

ఆవిడ గ్లాసు నీళ్ళు తాగి కింద పెట్టింది. "మీ ముఖం చూశాక నిచ్చెన గుర్తుంటే కదా" అంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ మాటకు ఎదురు చెప్పాలని నాకు అనిపించనిది ఆ ఒక్కసారే.

మర్నాడు స్టూడియోకు నేనూ వెళ్ళాను. అద్దం ఇవతల కుర్చీలో కూర్చున్నాను. కేక వెయ్యనని, తన పద్ధతిలో చెబుతానని ఆవిడ మళ్ళీగారికి ముందే చెప్పేసింది. తెర మీద నాయిక తల వంచుకుని ఉంటుంది కాబట్టి పెదవుల గొడవ లేదు. రికార్డింగ్ దీపం వెలిగింది.

"నీ కాలు తియ్. నేను నొక్కి పెడతాను. నువ్వు వెళ్ళు."

అదే చిన్న గొంతు. నా చెయ్యి తనంతట తానే కుర్చీ చెయ్యి పట్టుకుంది. మళ్ళీగారు నోరు తెరిచాడు, మూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండమ్మా" అన్నాడు. నేను లేచి నిలబడ్డ ఊపుకు కుర్చీ వెనక్కి పడిపోయింది. నా ఛాతీ ఆ గదిలో పట్టలేదు.

ఆ భాగం ప్రసారమైన సాయంత్రం వాటాలవాళ్ళంతా మా ముందు గదిలోనే చేరారు. సీను అయ్యాక బాబాయి ముక్కు తుడుచుకున్నాడు.

"ఇంత బాగా ఎలా చెప్పావమ్మా?" అని ఎదురు వాటా టీచరమ్మ అడిగింది.

"అంతా మా ఆయన సాయమేనండీ."

నేను కాలర్ సర్దుకున్నాను.

"ఏం సాయం చేశారు?"

"ఎలా అరవకూడదో చూపించారు."

గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఇప్పటికీ దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ ఆ సీను గురించి చెబుతాను. అందులో నా చెయ్యి కూడా ఉందంటాను. అదెలాగని ఎవరైనా అడిగితే మాత్రం, వెంటనే తుడవాల్సిన అద్దమేదో నాకు కనిపిస్తుంది.